మూడో రీలులో ఏం జరిగింది

ఈ సంగతులు నేను ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై ఆరేళ్లు నిండాక, మా గల్లీ చివరింట్లో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెబుతోందని తెలిసి వెళ్లి కూర్చున్నాను. ‘అ’ కుదురుగా రాయడానికి నాలుగు రోజులు పట్టింది. వత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. మొన్న మనవరాలి పుట్టినరోజని అందరం హోటలుకు వెళ్లాం. బిర్యానీ పక్కన సిర్కాలో, అదే వెనిగర్‌లో, నానబెట్టిన ఉల్లిగడ్డ ముక్కలు పెట్టారు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాళ్లందరికీ అది ఉల్లిగడ్డ వాసన, నాకు పాత ఫిలిం వాసన. సినిమా రీలు ముసలిదైపోతే, డబ్బా మూత తీయగానే సరిగ్గా ఆ సిర్కా వాసనే వస్తుంది. ఇంటికొచ్చి, మనవరాలి నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చింపుకుని కూర్చున్నాను.

ఆ వాసనను నాకు పరిచయం చేసిన మనిషి లక్ష్మయ్య సేటు. అఫ్జల్‌గంజ్‌లో వాళ్లకు తాళ్లు, సుతిలి, గోనెసంచుల టోకు దుకాణం ఉండేది. భార్య పోయాక దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, గౌలిపురలో ఇంటి మేడ మీది గదిలో ఉండిపోయాడు. ఆ గది నిండా రేకు డబ్బాలు. డబ్బాల్లో చిటికెన వేలి గోరంత వెడల్పున్న ఫిలిం చుట్టలు. పెద్ద హాళ్లలో ఆడిన సినిమాలను కత్తిరించి, కుదించి, ఇంట్లో చూసుకోవడానికి ఇట్లా చిన్న రీళ్లుగా అమ్మేవాళ్లట ఒకప్పుడు. సేటుకు వాటిలో ఒక్క రకమే ఇష్టం. గూఢచారులవి. పొడుగు కోట్లు, వంగిన టోపీలు, మంచు కమ్మిన రైలు స్టేషన్లు, చేతులు మారే కవర్లు. మేం వాటిని జాసూస్ బొమ్మలు అనేవాళ్లం. చాలావాటికి మాట ఉండదు. బొమ్మ వేసే మెషీను తిరిగే టకటక తప్ప గదిలో ఏ చప్పుడూ ఉండేది కాదు.

నేను ఆ ఇంట్లో గిన్నెలు తోమడానికి చేరాను. మా ఆయన పోయిన ఏడాది అది. మొదటిరోజు సేటు తలెత్తకుండానే అడిగాడు. “చదువొస్తదా?” రాదంటే పని ఇంకొకరికి పోతుందేమోనని భయపడి, “కొద్దిగొస్తది సేటూ” అన్నాను. ఆ ‘కొద్దిగ’ చాలా చిన్నమాట. నేను దాన్ని పద్నాలుగేళ్లు మోశాను.

గిన్నెల నుంచి రీళ్ల దగ్గరికి నన్ను తీసుకెళ్లినవి నా వేళ్లు. ఒకరోజు ఖాళీగా ఉన్నప్పుడు మెట్ల మీద కూర్చుని బీడీలు చుడుతున్నాను. సేటు కిందికి దిగుతూ ఆగిపోయాడు. కాసేపు చూసి, “లే, చేతులు సబ్బుతోని కడుక్కొని మీదికి రా” అన్నాడు. నా చేతికి ఒక మల్‌మల్ గుడ్డ ఇచ్చి, ఫిలింను దాని మడతలోంచి లాగమన్నాడు. “కండ్లు మూస్కో. ఏడ చిరిగిందో వేలే చెప్తది.” కళ్లు మూసుకున్నాను. ఫిలిం చల్లగా, పొడిగా, పాము కుబుసంలా జారుతోంది. ఒకచోట అంచు చిన్నగా గీరింది. ఆగాను. ఆయన భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. “నాకు కనబడనిది నీకు దొరికింది. రేపటి సంది గిన్నెలకు ఇంకొకరిని చూస్త.” ఆయన తమ్ముడి భార్య కింద నుంచి కేకేసింది. “ఇగ గిన్నెలు మేము తోముతం, అంజమ్మ సీన్మలు తియ్యనీ!”

ఆదివారం మధ్యాహ్నాలు బొమ్మ వేసేవాళ్లం. కిటికీలకు దుకాణంలోని గోనెపట్టాలు కట్టేదాన్ని. వాటి సందుల్లోంచి సూదుల్లా ఎండ దిగేది. కింద గల్లీలో బర్రెలు నడిచిపోతుంటే మెడగంటల చప్పుడు మెల్లగా దూరమయ్యేది. సున్నం వేసిన గోడే మాకు తెర. గోడకు అడ్డంగా ఒక పగులు ఉండేది. ఎంత గొప్ప జాసూస్ అయినా దాన్ని దాటేటప్పుడు అతని మొహం రెండు ముక్కలయ్యేది. వెలుతురు దారిలో దుమ్ము తేలుతూ ఉంటే నాకు అది ఆ దేశపు మంచే ఇక్కడిదాకా వచ్చినట్టు ఉండేది. సాయంత్రం మూసీ వంతెన మీద నడుస్తుంటే మనుషులంతా మారిపోయేవాళ్లు. గొడుగు పట్టుకున్నాయన ఎవరికో సైగ చేస్తున్నాడు. కూరగాయల సంచీలో కాగితం ఉంది. నేను ఎవరికీ పట్టుబడకుండా ఇంటికి చేరాలి. గిన్నెలు తోమే మనిషికి అంత పెద్ద లోకం ఎవరిస్తారు?

ప్రేక్షకులం ముగ్గురమే. సేటు, నేను, గడియారాలు బాగుచేసే ఖాదర్ భాయ్. ఆయన సేటుకు చిన్ననాటి దోస్తు. మెషీను బెల్టు తెగితే కుట్టుమిషను బెల్టు కోసి వేసేది ఆయనే. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడితే చదివి చెప్పేదీ ఆయనే.

ఆ డబ్బాలన్నిటిలో సేటు ప్రాణం ఒక బొమ్మ మీద ఉండేది. దాని అసలు పేరు నాకు నోరు తిరిగేది కాదు. మేం వంతెన బొమ్మ అనేవాళ్లం. మొత్తం ఐదు రీళ్లు. సేటు దగ్గర నాలుగే ఉన్నాయి, మూడోది లేదు. రెండో రీలు చివర నల్లటోపీ పెట్టుకున్న ఒకామె వంతెన మీద నిలబడి ఎవరికోసమో చూస్తుంటుంది. నాలుగో రీలు మొదట్లో ఆమె జైల్లో ఉంటుంది. మధ్యలో ఏం జరిగింది? ఎవరు పట్టించారు? సేటు ఆ రీలు కోసం జుమ్మేరాత్ బజారులో పదకొండేళ్లు వెతికాడు. గురువారం వచ్చిందంటే చాలు, ఖాళీ చేసిన బంగళాల సామాను కుప్పల మధ్య ఆయన తెల్లటోపీ కనబడేది.

“ఆ మీసాల ఆఫీసరే పట్టిచ్చిండు. ప్రేమ అని నాటకం” అనేవాడు సేటు.

“అరే యార్, ఆ పేపర్ చదివే ముసలోన్ని చూడవా? పేపర్ తలకిందులు పట్కున్నడు. వాడే అసలు బద్మాష్” అనేవాడు ఖాదర్ భాయ్.

గొడవ తెగక సేటు నావైపు తిరిగేవాడు. “నువ్వు చెప్పు అంజమ్మా. మూడో రీలుల ఏమైంది?” మొదట సిగ్గుపడేదాన్ని. తర్వాత్తర్వాత వారానికొక కథ చెప్పేదాన్ని. ఒకసారి ఆమె చెల్లెలే పట్టించింది. ఇంకోసారి ఎవరూ పట్టించలేదు, ఆమే అలసిపోయి లొంగిపోయింది. నేను చెబుతున్నంతసేపూ సేటు మెషీను లైటు ఆర్పకుండా, ఖాళీ తెలుపు గోడ వైపే చూసేవాడు. అక్కడ నిజంగానే ఏదో కదులుతున్నట్టు.

తర్వాత ఆయన కళ్లు మసకబారడం మొదలైంది. షుగర్ వల్ల అన్నారు డాక్టర్లు, ఏడాదిలో పూర్తిగా పోవచ్చన్నారు. సేటు దాని గురించి ఒక్కసారే మాట్లాడాడు. “ఇంకేం చూడకున్నా ఫికర్ లేదు. ఆ మూడో రీలు చూసినంక పోనీ కండ్లు.” అప్పటినుంచి బజారుకు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. “డబ్బా మీద ఇంగ్లీషు అచ్చు పేరైతే భూతద్దం పెట్టి నేను గుర్తువడ్త. తెలుగు చేతిరాతైతే నా కండ్లకు ఆనుతలేదు, నువ్వు చదువు” అన్నాడు.

ఒక గురువారం ఎవరో వకీలుగారి ఇంటి సామాను కుప్పగా పోసి ఉంది. అందులో రీళ్ల డబ్బాలు. ఒక్కోదానికి అంటించిన కాగితం మీద సిరాతో తెలుగు రాత. మొదటి రెండు డబ్బాలు తెరిచి, ఫిలిం ఎండకు పట్టి చూశాం. పెళ్లిపందిరి, పీటల మీద కూర్చున్న పిల్ల. మూడో డబ్బా మూత తుప్పు పట్టి ఊడి రాలేదు. దుకాణంవాడు అరిచాడు. “అన్నీ ఇప్పి చూస్తవా భాయ్? కొంటె కొను, లేకుంటె నడువ్!” సేటు ఆ డబ్బా నాకు ఇచ్చాడు. “ఏం రాసుంది?”

ఆ రాత నల్లచీమల బారులాగ ఉంది. సేటు తన మసక కళ్లతో నా మొహం వైపే చూస్తున్నాడు. “ఇది గూడ పెండ్లి బొమ్మలే సేటూ” అన్నాను. ఆయన డబ్బా తీసి కుప్ప మీద పెట్టేశాడు. ఇంటికి వచ్చేశాం.

రెండు వారాలకు ఖాదర్ భాయ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. సైదాబాద్‌లో స్టూడియో పెట్టుకున్న ఒక ఫొటోగ్రాఫర్ గడియారం బాగుకని ఆయన దగ్గరికి వచ్చాడట. మాటల్లో చెప్పాడట, ఆ గురువారం వకీలు సామానులో ఒక తుప్పుపట్టిన డబ్బా దొరికిందని. మీద వంతెన బొమ్మ పేరే రాసుందట, మూడో భాగమని కూడా ఉందట. “అడిగిన, ఇయ్యనన్నడు” అన్నాడు ఖాదర్ భాయ్.

సేటు నన్ను అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు. తలమీద చెయ్యి పెట్టుకుని, “మేము చూసి ఒచ్చినంక ఆ దుకాణపోడు ఇంకో డబ్బా ఏసి ఉంటడు ఆ కుప్పల. నా నసీబే గట్లుంది” అన్నాడు. నా మీద ఆయనకు అనుమానమన్నదే రాలేదు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ తర్వాతి ఆదివారం వంతెన బొమ్మే వేశాం. రెండో రీలు అయిపోయింది. చక్రానికి ఫిలిం కొస టపటప కొట్టుకుంటోంది. గోడ మీద ఉత్త తెల్లటి వెలుగు.

“చెప్పు అంజమ్మా” అన్నాడు సేటు ఎప్పటిలాగే.

“ఆఫీసరు గాదు, ముసలోడు గాదు. ఆ నల్లటోపీ ఆమె ఇంట్ల ఒక పనామె ఉన్నది సేటూ. ఆమె చేతికి ఒక కవరిచ్చి, మీద పేరు చదివి ఆ మనిషికే ఇయ్యమన్నది. పనామెకు చదువు రాదు. రాదని చెప్తే పనిలకెల్లి తీసేస్తరని భయం. దొరికినోని చేతుల పెట్టి ఒచ్చింది.”

ఖాదర్ భాయ్ తొడ చరిచాడు. “వారెవ్వా! గింత పెద్ద బొమ్మల దుష్మన్ ఉత్త పనామెనా?”

సేటు నవ్వలేదు. “ఎన్నేండ్ల సంది చేస్తున్నది ఆమె పని?”

“పద్నాలుగేండ్లు సేటూ.”

ఖాదర్ భాయ్ నవ్వు అక్కడే ఆగిపోయింది. మా ఇద్దరి మొహాలూ చూసి, “నమాజుకు టైమైతున్నది” అని టోపీ సర్దుకుంటూ దిగిపోయాడు. సేటు తడుముకుంటూ లేచి మెషీను ఆపాడు. గది చీకటైంది.

“నసీబ్‌ను ఉత్తగ తిట్టిన” అన్నాడు. మెషీను మీద చెయ్యి ఆనించి మళ్లీ అన్నాడు. “చదువు రాదంటే ఏమైతుండె? ఆ డబ్బాను ఎట్లన్న తెరిపిచ్చి నీ చేతుల పెడుతుంటి. నాకు కండ్లు లేవు, నీకు అక్షరాలు లేవు. వేళ్లన్న ఉండె గద మనకు. ఇగ పో ఇంటికి.”

పని పోయిందనుకున్నాను. పోలేదు. కానీ ఆయన నన్ను క్షమించాడని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. మూడు ఆదివారాలు బొమ్మ వేయలేదు. నాలుగో ఆదివారం, “గోనెపట్టాలు కట్టు” అన్నాడు, అంతే. ఆ పైన ఏ కాగితమూ నాకు చూపించలేదు. డబ్బా చేతికిచ్చి, “తడిమి చెప్పు” అనేవాడు. చూపు పూర్తిగా పోయాక కూడా ఆదివారం తన కుర్చీలో కూర్చునేవాడు. మెషీను వెలుగు గోడకు తగిలి ఆయన మొహం మీద పడేది. బొమ్మలో ఏం జరుగుతోందో మొదటినుంచి చివరిదాకా నేనే చెప్పేదాన్ని. మూడో రీలు దగ్గరికొచ్చేసరికి ఆయన ఏమీ అడిగేవాడు కాదు, నేనూ కథ కల్పించేదాన్ని కాదు. “ఈడ రీలు లేదు సేటూ” అనేదాన్ని. “ఊఁ” అనేవాడు. ఒక వానాకాలంలో, నిద్రలోనే పోయాడు.

ఇప్పుడు పెన్ను పట్టుకుని కూర్చుంటే నాకు మల్‌మల్ గుడ్డలోంచి ఫిలిం లాగుతున్నట్టే ఉంటుంది. మాట గీరుకున్నచోట ఆగుతాను. తెలియనిచోట తెలియదనే రాస్తాను. టీచరమ్మ నాకు అక్షరాలిచ్చింది గానీ, ఈ ఆగడం మాత్రం సేటు దగ్గర నేర్చుకున్నదే.

మూడో రీలు మా గోడ మీద ఎప్పుడూ పడలేదు. ఆ ఫొటోగ్రాఫర్ దాన్ని అప్పటికే బొంబాయి మనిషి ఎవరికో ఇచ్చేశాడు. ఆ సంగతి నాకెట్లా తెలిసిందంటే, సేటు నన్ను ఇంటికి పొమ్మన్న ఆ ఆదివారం తెల్లారి, ఒక్కసారి చూడనిస్తే చాలని బతిమాలడానికి నేనే బయల్దేరాను. పొద్దున్నే అఫ్జల్‌గంజ్ బస్టాపులో నిలబడ్డాను. అంతకు ముందు ఎప్పుడు బస్సెక్కినా, పక్కవాళ్ల మాటలు వింటూ, వాళ్ల వెనకే ఎక్కేదాన్ని. ఆ రోజు నా పక్కన టిఫిన్ డబ్బా పట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకున్న ఒకామె ఉంది. చూస్తే ఏదో ఆఫీసులో పనిచేసే మనిషిలా ఉంది. ఆమె వైపు తిరిగాను.

“నాకు చదువు రాదమ్మా. సైదాబాద్ పోయే బస్సు ఏదో జర చెప్తవా?”

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. అటూ ఇటూ చూసి, నా దగ్గరికి జరిగింది.

“నాక్కూడ రాదక్కా” అంది మెల్లగా. “నేను గూడ సైదాబాదే పోవాలె. నీకు చదువొస్తదేమో, నిన్నే అడుగుదమని అర్ధగంట సంది నిలబడ్డ.”

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఎదురుగా బస్సు వచ్చి నిలబడగానే, ఇద్దరం ఒకేసారి గట్టిగా కండక్టరును కేకేసి అడిగాం.