కాటా గదిలో ఒక్క బొట్టు

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల నుంచి, చేసిన ప్రతి మరమ్మతునూ ఆ పూటే నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు మీద నాకు కొంత గర్వం కూడా ఉండేది. బెల్లం మార్కెట్లో నా చిన్ననాటి స్నేహితుడి కొట్టుకు సంబంధించిన ఈ సంగతి జరిగే వరకూ ఆ గర్వం చెక్కుచెదరలేదు.

ఆ కొట్టు వెనక గదిలో లినక్స్ మీద నడిచే కంప్యూటర్ ఒకటుంది. ఎనిమిదేళ్ల కిందట దాన్ని అమర్చింది నేనే. ముందు గదిలో కాటా పక్కన కూర్చునే ఆపరేటరమ్మ రైతు పేరు, దిమ్మెల సంఖ్య, తూకం కొట్టి, సరుకు ఫోటో జతచేస్తే, అన్నీ వెనక యంత్రంలోకి వెళ్లి చీటీ అచ్చయి వస్తుంది. ఈ సీజన్లో ఆ చీటీకి నిమిషం పైన పడుతోంది. ఆమె చెయ్యి నెమ్మదించిందని తేల్చేసి, సోమవారం నుంచి వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు నా స్నేహితుడు. ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఒక్కసారిగా ఎలా నెమ్మదిస్తుంది? పరీక్షించకుండా తీర్పు చెప్పడమంటే నాకు ఒళ్లు మండుతుంది. శనివారం పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను.

చీడికాడ నుంచి వచ్చిన రైతు ఒకాయన కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. "అమ్మా, సలికాలం గాబట్టి సరిపోయింది. ఎండలకాలమైతే నా దిమ్మెలు నీ కాటా మీదే పాకమైపోవును!" అంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె తల ఎత్తలేదు.

"నేను కొట్టడం ఎప్పుడో అయిపోయిందండి మావయ్యగారూ. చీటీయే రాడం నేదు," అంది నాతో, మెల్లిగా.

ఒక్కొక్కటే పరీక్షించి రాసుకుంటూ వచ్చాను. వెనక యంత్రానికి చిన్న పలకరింపు పంపితే జవాబు వెంటనే వచ్చింది. ఫోటో లేని చీటీ త్వరగానే వచ్చింది, ఫోటో ఉన్నది ఈడ్చుకుంటూ వచ్చింది. కేబుల్ మార్చినా అంతే. చివరికి ఆమెను కుర్చీలోంచి లేపి, మరో కంప్యూటర్ నుంచి నేనే ఒక ఫోటో పంపాను. అదీ ఈడ్చుకుంటూనే వెళ్లింది.

"చూశావా? ఇప్పుడు ఈమె చెయ్యి ఎక్కడుంది?" అని పక్కనే ఉన్న నా స్నేహితుణ్ణి గట్టిగానే అడిగాను.

"కేకలెయ్యకు బావా. ఈ పిల్ల తప్పు కాపోతే మరెవరిదో సెప్పు. అప్పుడు ఒప్పుకుంటాను," అన్నాడు అతను.

వెనక యంత్రపు నెట్‌వర్క్ కార్డులో ఎర్రర్ల లెక్క చూశాను. ఫోటో పంపిన ప్రతిసారీ పెరుగుతోంది. కార్డు నుంచి వెళ్లే తీగ గోడకున్న స్విచ్ పెట్టెలో, అంటే కంప్యూటర్లన్నిటి తీగలూ వచ్చి చేరే పెట్టెలో, కలుస్తుంది. ఆ పెట్టె దగ్గరకు వెళ్లి ఆగిపోయాను. ఆ కొట్టులో ఏటా ఆయుధపూజకు కాటాకూ, కంప్యూటర్లకూ బొట్లు పెడతారు, పాతవి తుడవరు. మిగతా యంత్రాల మీద పసుపూ కుంకుమా పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. ఈ పెట్టె మీద మాత్రం ఒక్కటే బొట్టు.

"ఈ పెట్టె ఎప్పుడు మార్చారమ్మా?"

"దసరాకండి. పాతది పాడైపోతే కొత్తది తెచ్చి తగిలించేరు. అప్పటినుంచే ఈ తిప్పలు."

ఇంటికి వెళ్లి బీరువాలోంచి ఎనిమిదేళ్ల నాటి నోట్‌బుక్ తీశాను. నా చేతిరాతే, ఎర్ర సిరాతో: "స్విచ్ పెట్టె సర్దుబాటుకు సరిపోయేలా కార్డును ఒకే పద్ధతికి బిగించాను. పెట్టె మారిస్తే ఈ బిగింపు తీసెయ్యాలి." పాత పెట్టెలాగే కార్డు కూడా ఒకేసారి పంపుతూ, అందుకుంటూ ఉండేలా ఆనాడు నేనే కట్టిపడేశాను. కొత్త పెట్టె అవతలి కార్డుతో సంప్రదించి పద్ధతి తేల్చుకునే రకం. నా కార్డు సంప్రదింపుకు రాకపోయేసరికి అది వంతులవారీ పద్ధతికి దిగింది. చిన్న సందేశాలు ఎలాగో దాటుతున్నాయి, ఫోటోలు మాత్రం ఢీకొని మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తోంది.

అంత స్పష్టంగా రాశాను. రాసి, నా ఇంటి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. ఆ కొట్టులో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. పొద్దుటి నుంచి ఊరందరి మీదా చూపిన కోపం ఆ పేజీ ముందు నా మీదికే తిరిగింది.

మధ్యాహ్నం తిరిగి వెళ్లి బిగింపు తీసేశాను. యంత్రం మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులోంచి ఆ వరుస కూడా చెరిపేశాను. ఫోటోలతో పది చీటీలు వరసగా కొట్టమన్నాను. ఆమె మీట మీంచి వేలు తీసేలోగా చీటీ వచ్చేస్తోంది. ఎర్రర్ల లెక్క కదలలేదు.

ఆ పాత నోట్‌బుక్ తెరిచి నా స్నేహితుడి ముందు పెట్టాను. "తప్పు ఎవరిదని అడిగావు కదా. నాది."

అతను రెండుసార్లు చదివాడు. "ఏటి బావా, నువ్వు రాసి దాచుకున్నదానికి ఈ పిల్లని తిట్టేనా?" అన్నాడు. తరువాత ఆమె వైపు తిరిగి, "సోమారం ఎప్పట్లాగే వచ్చెయ్యమ్మా. ఇంకో మనిషొద్దులే," అన్నాడు. అంతకంటే పెద్ద క్షమాపణ అతని నోట నేనెన్నడూ వినలేదు.

ఆమె కూడా ఆ పేజీ చదివింది. "ఈ పుస్తకం ఇక్కడే ఉండుంటే నేనిన్ని మాటలు పడకపోదును గదండీ, మావయ్యగారూ?"

ఆ పాత నోట్‌బుక్ ఆమె చేతికిచ్చాను. ఇప్పుడది కాటా కింది సొరుగులో ఉంటుంది. చివర మిగిలిన ఖాళీ పేజీలో మొదటి వరుస ఆమె చేతిరాతే: పెట్టె మార్చింది దసరాకని.