బొమ్మ నిలబెట్టే ఆమోసు

ఆమోసు పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది ఇవాళ్టి మంట కాదు. బెజవాడ వన్ టౌన్‌లో మరియదాసు మేస్త్రి దగ్గర ఇద్దరం ఒకే ఏడాది పనిలో చేరాం. తర్వాత నేను ఆటోనగర్‌లో సొంత షెడ్డు వేశాను, పెద్ద లేత్ మెషీను కొన్నాను. అయినా సినిమా హాళ్ళవాళ్ళు నన్ను కాదని గవర్నర్‌పేట సందులో ఉన్న అతని రేకుల పాకకే పోతారు. ఏం చూసి పోతారో ఆ దేవుడికే తెలియాలి.

మనిషి చూస్తే ఎముకల గూడు. పైగా ఉబ్బసం. దివిసీమ నుంచి చిన్నప్పుడే బెజవాడ వచ్చి, స్టేషన్ నుంచి హాళ్ళకు ఫిల్మ్ పెట్టెలు మోసి, ఆ పెట్టెల వెంటే ప్రొజెక్టర్ గదిలోకి దూరాడు. మెషీను మొరాయిస్తే అందరూ కళ్ళతో వెతుకుతారు. ఇతను స్క్రూడ్రైవర్ మొనను గేరు పెట్టె మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఆ వేషానికి ఆపరేటర్లు మురిసిపోయి ‘బొమ్మ నిలబెట్టే ఆమోసు’ అని పేరు పెట్టారు. నేనూ ఓసారి చెవికి పెట్టుకు చూశాను. గ్రీజు అంటింది, అంతే.

అతను సానమోటారు కొంటే వారం తిరక్కుండా నేనూ కొన్నాను. చర్చిలో పాటల జట్టులో చేరితే నేనూ చేరి అతని పక్కనే నిలబడ్డాను. నేనేం తక్కువ తిన్నానా?

డెబ్భై నాలుగు వేసవిలో రామకోటేశ్వరరావు గారు మా ఇద్దరికీ కబురు పెట్టారు. ఆయనకు బెజవాడలో, గుడివాడలో, ఉయ్యూరులో హాళ్ళున్నాయి. మూడింట్లోనూ ఒకే రకం పాత ప్రొజెక్టర్లు. వాటిని తయారుచేసిన సీమదొరల కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఏ ముక్క అరిగినా మాలాంటివాళ్ళు చేసిపెట్టాల్సిందే.

“బెజవాడ హాల్లో బొమ్మ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోందయ్యా. జనం కుర్చీలు విరగ్గొడుతున్నారు,” అన్నారాయన. “మెషీన్లు రెండున్నాయి. చెరోదానికీ స్టార్ వీలు చేసి పట్రండి. ఎవరి బొమ్మ కదలకుండా నిలబడితే మూడు హాళ్ళ పనీ వాళ్ళదే.”

సినిమా గబగబా పరిగెత్తుతుందనుకుంటాం గానీ, అది ఆగి ఆగి నడుస్తుంది. ఒక్కో బొమ్మనూ దీపం ముందుకు లాగి, రెప్పపాటు నిలిపి, మళ్ళీ లాగేది ఈ స్టార్ వీలే. దానికి నాలుగు గాళ్ళుంటాయి. తిరిగే పిన్ను ఒకటి వచ్చి గాడిలో దూరి చక్రాన్ని తోస్తుంది. ఆ గాడి అరిగి వదులైతే బొమ్మ ఆగాల్సిన చోట ఆగదు.

నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మూడు హాళ్ళ పని అటుంచండి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమోసు నా వెనక నిలబడాలి. పాత చక్రాన్ని వెర్నియర్ కొలబద్దతో గాడి గాడీ కొలిచాను. గట్టి ఉక్కు తెచ్చి కోసి, సాన పట్టి, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెడితే మెరుపు తప్ప తేడా లేదు.

ఆమోసేమో పాత చక్రాన్ని బల్ల మీద పడేసి, “పిన్ను కూడా విప్పి ఇయ్యండి బాబుగారూ,” అని అడిగాడట. తను అడిగి తీసుకున్న గడువు దాటినా ఇంకా చూస్తూనే ఉన్నాడట. “చేతిలో నమూనా పెట్టుకుని చెయ్యలేకపోతున్నాడు, పాపం,” అని ఆటోనగర్ అంతా చెప్పి తిరిగాను. చెబుతుంటే ఎంత హాయిగా ఉందో.

రెండూ బిగించాక రామకోటేశ్వరరావు గారు మ్యాట్నీకి పాసులిచ్చారు. నా భార్య సువార్తమ్మను తీసుకెళ్ళాను. ఒక రీలు ఆమోసు మెషీను మీద, తర్వాతి రీలు నా మెషీను మీద, అలా మార్చి మార్చి వేస్తారు. ఏది ఎవరిదో ఆవిడకు నేను చెప్పలేదు.

మొదటి రీలు ఆమోసుది. బొమ్మ గోడకు మేకు కొట్టినట్టు నిలబడింది. వెంట్రుకవాసి కదలదా అని ముందు కుర్చీ పట్టుకుని వంగి చూశాను. కదిలించు ప్రభువా అని ప్రార్థన కూడా చేశాను.

రీలు మారింది. హీరోయిన్ ముక్కుపుడక సన్నగా వణికింది. కాసేపటికి నేల టికెట్లో ఎవడో ఈల వేశాడు. సువార్తమ్మ కణతలు నొక్కుకుంది.

“ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయండీ. ఎండదెబ్బేమో.”

మూడో రీలు మొదలైంది. ఆవిడ చెయ్యి కణత మీద నుంచి దిగింది. “ఇప్పుడు ఫర్వాలేదండీ. ఇందాక ఏవైందో మరి.” నాలుగో రీలు రాగానే మళ్ళీ కళ్ళు మూసుకుంది. ముందే చెప్పి ఉంటే నా మొహం చూసి అబద్ధమాడేది కదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆట అయ్యాక ప్రొజెక్టర్ గదిలోకి వెళ్ళాను. అప్పటికే ఆపరేటర్ నా చక్రం ఊడదీశాడు. ఆమోసు దాన్ని పాత చక్రం మీద పెట్టి వెలుగుకేసి చూస్తున్నాడు. వెక్కిరిస్తాడని పళ్ళు బిగించి నిలబడ్డాను. వెక్కిరించినా బాగుండేది.

“పనితనం బెమ్మాండంగా ఉంది అన్నా. నా చేతికి ఇంత నునుపు రాదు,” అన్నాడు. ఆయాసంతో కాసేపు ఆగి, “కాకపోతే అరిగిపోయినదాన్ని కొలిచి చేశావు. ఆ అరుగుదల కూడా దిగింది. పిన్ను మొదలు దగ్గర, గాడి తగలని చోట, అరగదు చూడు, నేను అక్కడ కొలుచుకుని గాడి వేశా.”

మూడు హాళ్ళ పనీ అతనికే వెళ్ళింది. “పోన్లెండి, ఆయన మాత్రం పరాయివాడా?” అంది సువార్తమ్మ. ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం చర్చిలో ఎప్పటిలాగే ఆమోసు పాట ఎత్తుకున్నాడు. పక్కన నేను. అతను సాగదీసిన చోట నా గొంతూ సాగింది. చరణం మధ్యలో, మాట సగంలో, అతను ఊపిరి అందక ఆగాడు. నేనూ ఆగాను. చుట్టూ అందరూ పాడుతూనే ఉన్నారు.

నాకు ఉబ్బసం లేదు.