మర్యాదకు రెండు పళ్ళేలు

అమెరికా అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకుంటారో పుదుచ్చేరిలోని మా ముత్తియాల్‌పేటకు తెలియజెప్పినవాణ్ణి నేనే. ఆ విద్య నాకు నేర్పింది సాక్షాత్తు ఒక అమెరికా దొర. వైట్ టౌన్‌లో సముద్రం గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని రెండు సాయంత్రాలు బోధించాడు. టీ అంగట్లో నేను ఇలాగే చెప్పేవాణ్ణి. దొర నిజమే, గట్టూ నిజమే. అతను నన్ను అడిగింది మాత్రం బస్టాండుకు దారి. తక్కినదంతా మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపర్లో చదివి, అర్థం కాని చోట నా సొంత తెలివి పోసి పూడ్చుకున్నదే.

రెండువేల సంవత్సరం, నవంబరు చివర, మాకు వానల కాలం. అమెరికాలో ఓట్లు పడి వారాలు గడిచినా గెలిచిందెవరో తేలలేదు. ఒక రాష్ట్రంలో ఓటు చీట్లకు చిల్లులు సరిగ్గా పడ్డాయా లేదా అని దీపానికి ఎత్తిపట్టి చూస్తున్నారు. నేను మిల్లు టైమాఫీసు నుంచి రిటైరై, ఇంట్లో నా మాట వినే దిక్కులేక, పొద్దున్నే టీ అంగడి బెంచీ ఎక్కేవాణ్ణి.

అదే వానల్లో మా తెలుగు సంఘంలోనూ ఒక ఎన్నిక వచ్చిపడింది. మా పూర్వీకులు ఎప్పుడో తెలుగు నేల నుంచి దిగివచ్చారు. ఇంట్లో మాట తెలుగే, చదువూ రాతా మాత్రం అరవం. తెలుగు అక్షరం ఏ వైపు తలో ఏ వైపు కాలో మావాళ్ళలో చాలామందికి తెలియదు. అది బాగా తెలిసిన మనిషి మా వదిన; నాకు కూడబలుక్కుని చదవడం వచ్చినా ఆమె చలవే. నెల్లూరు వైపు నుంచి కోడలుగా వచ్చింది. మిల్లులో నాతో పనిచేసిన అన్న పోయాక, సాయంత్రాలు సంఘం హాల్లో చాప వేసుకుని మిల్లు వీధి పిల్లలకు అక్షరాలు దిద్దించేది. గోడకు పెద్దపెద్దగా అచ్చులూ హల్లులూ రాయించింది. పైసా అడిగేది కాదు. పిల్లలు మాత్రం కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలి.

సంఘం అధ్యక్షుణ్ణి మావాళ్ళు తలైవరు అంటారు. అప్పటి తలైవరు సారం వైపు భూములున్న ఇంటివాడు. నాకు చుట్టం కాకపోయినా నన్ను మామా అనేవాడు, నేను అల్లుడూ అనేవాణ్ణి. ఆ హాలును షామియానా వ్యాపారికి కుర్చీలూ వంటపాత్రలూ పెట్టుకోవడానికి అద్దెకివ్వాలని అతని పట్టు. ఇస్తే అక్షరాల చాప వీధిన పడుతుంది. ఈ సంగతి చెవిన పడగానే వదిన కొంగు నడుముకు దోపింది.

"అట్లయితే తలైవరుగా నేనే నిలబడతాండా. నా పిలకాయల్ని యాడికి తోలతారో చూస్తా."

అంతవరకూ మా సంఘంలో ఇద్దరు పోటీ పడ్డది లేదు. ఓటంటే ఎలా వెయ్యాలో పద్ధతే లేదు. సరిగ్గా ఆ వారంలోనే నేను బెంచీ మీద అమెరికా విప్పుతున్నాను.

వినేవాళ్ళలో ముఖ్యుడు సొల్దా అన్న. ఫ్రెంచి పటాలంలో చేసి పింఛను తీసుకునేవాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. ఆయన ముత్తియాల్‌పేటలో ఉంటూనే ఫ్రాన్సు అధ్యక్షుడికి ఓటేసే మనిషి. ఆ గర్వం మీసంలో కనపడేది.

"మాకు ఇంత గోల లే," అన్నాడు. "ఎవురికి సగానికి పైన పడితే వాడు. పడలేదా, మొదటి ఇద్దర్నీ పెట్టి మళ్ళా ఓటు. ఆ అమెరికావోళ్ళకు ఏమొచ్చింది?"

"అక్కడ జనం నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోరన్నా. జనం ఓటేసేది పెద్దమనుషులకు. ఆ పెద్దమనుషులు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. దాన్ని ఎలక్టోరల్ కాలేజీ అంటారు."

"కాలేజీనా? యాడుండాది? హాస్టలు గూడా ఉందా?" అన్నాడు టీ తిరగబోస్తున్న అంగడి యజమాని.

"కట్టడం లేదప్పా. పేరే కాలేజీ. నవంబరులో మొదటి సోమవారం దాటిన మంగళవారం జనం ఓటేస్తారు…"

"మంగళవారమా!" సొల్దా అన్న గ్లాసు దించాడు. "ఇంగ చెప్పమాక. మంగళవారం క్షవరానికే పోము గదా మనం. రాజ్యం ఏం బాగుపడతాది?"

అప్పుడు వచ్చి కూర్చున్నాడు అల్లుడు, అదే మా తలైవరు. అతనికి అర్థమయ్యేలా చెప్పాలన్న ఉత్సాహంలో నా నోట్లో ఆ పోలిక పుట్టింది. మా రామాలయంలో శ్రీరామనవమినాడు ప్రతి వీధికీ తాంబూలం పళ్ళేలు ఇస్తారు. వీధి చిన్నదైనా పెద్దదైనా మర్యాదకు రెండు పళ్ళేలు తప్పవు. ఆపైన ఇళ్ళ సంఖ్యను బట్టి మరికొన్ని. అమెరికాలోనూ అంతే. రాష్ట్రం ఎంత చిన్నదైనా పెద్దల సభలో రెండు సీట్లుంటాయి. వాటికి రెండు పళ్ళేలు. ప్రజల సభలో ఎన్ని సీట్లుంటే అన్ని పళ్ళేలు. అన్నీ కలిపి, రాజధానికిచ్చే మూడూ చేర్చితే, అయిదు వందల ముప్పై ఎనిమిది. రెండు వందల డెబ్భై పళ్ళేలు ఎవరి ముందు చేరితే వాడే అధ్యక్షుడు.

అల్లుడు గ్లాసు పక్కన పెట్టాడు. "అట్లయితే మామా, ఒక వీధిలో కొందరు వీడికీ కొందరు వాడికీ వేస్తే? పళ్ళేలు పంచి ఇస్తారా?"

"పంచరు. పళ్ళెం చీలదు అల్లుడూ! వీధిలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ వీధి పళ్ళేలన్నీ వాడికే. రెండు రాష్ట్రాల్లో మాత్రం పంచుకుంటారు. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు."

"ఆ పెద్దమనుషులు మన ఎమ్మెల్యేల మాదిరి మధ్యలో పార్టీ మార్చరా?" అన్నాడు అంగడి యజమాని.

"ఎప్పుడో ఒకడు మారుస్తాడు. వాడి వల్ల ఇంతవరకూ రాజ్యం మారలేదు."

"అంటే దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లొచ్చినోడు ఓడిపోవచ్చు?" అల్లుడు నెమ్మదిగా అడిగాడు.

"పోవచ్చేమిటి, ఇప్పుడు జరిగేది అదేనేమో!" అన్నాను నేను, ఆ ఘనకార్యం నాదే అయినట్టు.

అల్లుడు నా టీకి కూడా తానే ఇచ్చి వెళ్ళాడు. అది నా ఉపన్యాసానికి దక్కిన గౌరవం అనుకున్నాను.

ఆదివారం కమిటీలో అతను లేచి, ఎవరికీ అన్యాయం జరక్కూడదనీ, అమెరికా పద్ధతే పెడదామనీ అన్నాడు. "మామ అంతా చదివినాడు. ఆయనే నడిపిస్తాడు." మాకున్నవి నాలుగు వీధులు. మిల్లు వీధిలో నలభై ఇళ్ళు. సారం వీధిలోనూ, మిగిలిన రెండు చిన్న వీధుల్లోనూ పదేసి. ఇంటికి ఒక చెయ్యి. వీధికి మర్యాదకు రెండు పళ్ళేలు, పది ఇళ్ళకొకటి చొప్పున పైన. చిన్న వీధులవాళ్ళు తలలూపారు. ఎప్పుడూ మిల్లు వీధి మందే అరుస్తుంది, మాకూ ఒక మర్యాద ఉండాలి గదా అన్నారు. అది తప్పని ఎలా అనగలను? అమెరికాలో చిన్న రాష్ట్రాలవాళ్ళు అన్నదీ అదే.

వదిన ఒక్కతే అడ్డుపడింది. "పళ్ళెం చీలదు, సరే. అందులో ఆకులు లెక్క పెట్టొచ్చు గదా మరిదీ?"

జవాబు దొరకనప్పుడు చరిత్ర చెప్పడం నా అలవాటు. "వదినా, మన పుదుచ్చేరి ఇండియాలో కలిసింది ఎలాగనుకున్నావు? మనమెవరమైనా ఓటేశామా? కీళూరులో ఊళ్ళ ప్రతినిధులు వేశారు. నేను దగ్గరుండి చూశాను," అన్నాను. దగ్గరంటే సైకిలు మీద సగం దారి. టైరు పంక్చరై, బంకు దగ్గర జామకాయలు తింటూ కూర్చుండగానే దేశం కలిసిపోయింది. ఆ ముక్క వదినకు చెప్పలేదు.

"అప్పుడు అందురూ ఒకటే కోరినారు మరిదీ. ఎట్ల లెక్కపెట్టినా ఒకటే," అంది ఆమె.

ధనుర్మాసంలో ఒక ఉదయం హాల్లో ఓటు. గోడ మీద అక్షరాల కింద మూలకొక వీధి. మిల్లు వీధి మూలలో నిలబడే చోటు లేదు. చేతులెత్తమన్నాను. ముప్పై ఎనిమిది చేతులు వదినకు. అల్లుడికి రెండు. ఆరు పళ్ళేలు ఆమె ముందు పెట్టాం. మిల్లు వీధి ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ కులవ కూత వేశారు, అరవవాళ్ళు పెళ్ళికి వేసినట్టు. తర్వాత సారం. ఆరుగురు అల్లుడికి, నలుగురు వదినకు. మూడు పళ్ళేలు అతని ముందుకు వెళ్ళాయి. రెండో చిన్న వీధిలో అవే ఆరు, అవే నాలుగు. మూడోదానిలోనూ అంతే. ఈ అంకెలు ఇంత చక్కగా కుదిరాయా అంటే, ఒకటీ అరా అటూ ఇటూ ఉంటాయి. చెప్పడంలో సాపు చేశాను. పళ్ళేలు మాత్రం సాపు చెయ్యలేదు. అతని ముందు తొమ్మిది, ఆమె ముందు ఆరు.

మిల్లు వీధి ముసలావిడ ఒకతి ముందుకొచ్చింది. "ఏంది అబ్బయ్యా ఇది? చేతులు మావే గదా ఎక్కువ? నా కండ్లతో చూసినా!"

"చేతులు కాదు పెద్దమ్మా, పళ్ళేలు," అన్నాడు అల్లుడు మర్యాదగా. "నేను చెప్పిందా? మామ చెప్పినాడు. అమెరికాలోనే ఇట్లంట."

అందరూ నా వైపు తిరిగారు. డెబ్భై చేతుల్లో యాభై ఆమెవి. ఆ లెక్క ఆ హాల్లో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

"అవును. పద్ధతి అదే," అన్నాను.

వదిన తన ముందున్న ఆరు పళ్ళేలలోని ఆకూ వక్కా వచ్చినవాళ్ళకే పంచిపెట్టింది. నా దగ్గరికి వచ్చినప్పుడు, "తీసుకో మరిదీ, చీల్చకుండా ఇస్తాండా," అని పళ్ళెంతో సహా చేతిలో పెట్టింది. ఆ పళ్ళెం చాలాకాలం మా ఇంట్లోనే ఉంది. గుడివాళ్ళది, తిరిగి ఇవ్వాల్సింది.

ఆ రోజుల్లోనే అమెరికాలోనూ తేలిపోయింది. అక్కడా ఎక్కువ ఓట్లొచ్చినవాడు ఇంటికి పోయాడు. కోర్టు దాకా వెళ్ళి పోయాడు. మా దగ్గర కోర్టూ గీర్టూ అంతా నేనే.

షామియానా కుర్చీలు నెల తిరక్కుండా వచ్చాయి. గోడ మీది అక్షరాలు కుర్చీల దొంతర వెనక్కు పోయాయి. పైవరసలో ఒకటి రెండు అచ్చులు మాత్రం కనపడేవి. వదిన తన ఇంటి అరుగు మీద చాప పరిచింది. మోటారు సైకిళ్ళ మోతలో పిల్లలకు ఆమె గొంతు వినపడేది కాదు. మొదట వాన పేరు చెప్పి మానేశారు. తర్వాత పరీక్షలన్నారు, ఆ తర్వాత ఇంగ్లీషు ట్యూషన్. చివరికి చాప చుట్టి లోపల పెట్టేసింది. నేను ఆ దారిన పోవడం తగ్గించాను. మోకాళ్ళ నొప్పి అని ఇంట్లో చెప్పాను. మోకాళ్ళు బాగానే ఉండేవి.

ఎనిమిదేళ్ళు తిరిగాక అమెరికాలో మళ్ళీ కొత్త అధ్యక్షుడి కోసం ఓట్లు. ఈసారి ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచాడు. టీ అంగట్లో నన్ను మళ్ళీ విప్పమన్నారు. "నాకేం తెల్దు, కాలేజీ చదవలేదు," అన్నాను.

ఆ చలికాలంలోనే సంఘానికి కొత్త బోర్డు పెట్టారు. తలైవరు ఇంకా అల్లుడే. పెయింటరు అరవ కుర్రాడు. పాత బోర్డు చూసి అక్షరాలను బొమ్మల్లా దించాడు. ఎర్రటి అంచు, పసుపు అక్షరాలు, చక్కగా ఉంది. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. నేను తలెత్తి చదివాను. "తెగులు సంఘం."

గట్టిగా నవ్వాను. నవ్వి, ఎవరితో నవ్వాలా అని చుట్టూ చూశాను. అందరూ బోర్డు వైపు సంతోషంగా చూస్తున్నారు. వదిన ఇంటికి నడిచాను. ఆమె అరుగు మీద మునగాకు దూస్తోంది. చెప్పాను. ఆమె ఆకు దూయడం ఆపలేదు.

"వాడు తప్పేం రాసినాడు మరిదీ? సరిగ్గానే ఉండాది గదా."

తిరిగి వచ్చి అల్లుణ్ణి పక్కకు పిలిచాను. లు ముందు రావాలి, గు తర్వాత రావాలి, మార్పించు అన్నాను. అతను బోర్డునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు.

"ఎవురు చదవతారు మామా? నువ్వొకడివి, ఆయమ్మ ఒకతి. రెండు ఓట్లు."

మర్యాదకైనా రెండు చాలాలి కదా అనబోయాను. పళ్ళేల సంగతి నా నోటితో మళ్ళీ ఎత్తడం ఇష్టం లేక ఊరుకున్నాను. బోర్డు అలాగే ఉంది. కింద నిలబడి మావాళ్ళు ఫోటోలు తీయించుకుంటారు.