రెండు రబ్బరు రింగులు

ఆ ఏడాది మా ఆయన గొడ్లచావిడి రేకు సరిచేస్తూ నిచ్చెన మీద నుంచి జారి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. నరసరావుపేటలో కట్టు వేసి, ఆరు వారాలు చెయ్యి కదిలించొద్దన్నారు. మిరప మోకాలెత్తు పెరిగిన రోజులవి. సాళ్ల మధ్య గుంటక తోలకపోతే కలుపు మింగేస్తుంది. మా చిన్న ట్రాక్టర్ తోలడం నాకు వచ్చు కాబట్టి ఆ పని నేనే అందుకున్నాను.

ఎక్కి కూర్చున్నాక గంటల మీటరు చూస్తే ఇంజన్ ఆయిల్ మార్చాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. గురజాల మెకానిక్‌కు ఫోన్ చేశాను. అతను మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలుస్తాడు. సీజన్ పనుల్లో ఉన్నానని, పది రోజుల దాకా రాలేనని అన్నాడు. పది రోజులు మేం ఆగినా మిరప తోట ఆగదు.

"నేను చెప్తా, నువ్వు చెయ్యి. అదేమన్నా బ్రహ్మవిద్యా ఏంది?" అన్నాడు మా ఆయన.

ఆయన చెప్తానంటే నాకు ధైర్యం వచ్చింది. మెకానిక్ వచ్చినప్పుడు కూడా అతను పక్కన నిలబడటమే తప్ప పనంతా తానే చేస్తానని ఆయన అందరితో అనేవాడు. ఆ వేళకు నేను ఎప్పుడూ చేలోనే ఉండేదాన్ని. గురజాల వెళ్లి ఆయిల్ డబ్బా, ఫిల్టర్ తెచ్చాను.

మర్నాడు పొద్దున పనులయ్యాక బండిని వాకిట్లో చదును చోట పెట్టాను. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంజన్‌ను కాసేపు తిరగనిచ్చి ఆపాను. కింద పాత బేసిన్ పెట్టి అడుగు బోల్టు విప్పాను. వేడి ఆయిల్ ఒక్కసారిగా దూకి మోచేతి దాకా పాకింది. బెల్లం పాకం మాడినట్టు నల్లగా ఉంది. అంతా కారిపోయేదాకా ఆగి బోల్టు బిగించాను. ఫిల్టర్ మాత్రం చేతికి కదల్లేదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పట్టు దొరికించుకుంటే అప్పుడు తిరిగింది. కొత్తదాని రబ్బరు రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తో బిగించి, పైనుంచి కొత్త ఆయిల్ పోశాను. ఇంత తేలికా అనిపించింది.

స్టార్ట్ చేయగానే ఫిల్టర్ పక్కనుంచి కొత్త ఆయిల్ ధారగా కారింది. వెంటనే ఆపేశాను. ఇంకా గట్టిగా బిగించమన్నాడు మా ఆయన. బిగించి మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. మట్టి మీద మడుగు కట్టింది. కొట్టువాడు తప్పుడు ఫిల్టర్ ఇచ్చాడని ఆయన కోప్పడ్డాడు. ఇంజన్ పాడైతే ఆ సీజన్ పోయినట్టే. మళ్లీ మెకానిక్‌కే ఫోన్ చేసి, చేసిందంతా వరసగా చెప్పాను.

"వదినా, తీసిన పాత ఫిల్టర్ మూతికి రబ్బరు రింగు ఉందా?"

తిప్పి చూశాను. లేదు.

"అయితే అది ఇంజనుకే అంటుకొని ఉంటది. దాని మీద కొత్తది ఎక్కించావు. రెండు రింగులుంటే ఆయిల్ ఆగదు. పాతది పీకి, శుభ్రంగా తుడిచి పెట్టు."

ఫిల్టర్ విప్పి లోపల తడిమితే, నల్లటి ఇనుముకు అతుక్కుపోయి అదే రంగులో పాత రింగు ఉంది. గోటితో లాగితే వచ్చింది.

"ఇది నీకు తెలవదా అయ్యా?" అని అడిగాను.

"నేనెప్పుడూ విప్పలేదే. స్పానర్లు అందించేవోణ్ణి, అంతే," అన్నాడు, నేల చూస్తూ.

ఇన్నేళ్లుగా ఆయన చెప్పిన మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నవ్వొచ్చేదే కానీ, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆయన కూర్చున్న తీరు చూస్తే నవ్వలేకపోయాను. ఆ చోటు తుడిచి, ఫిల్టర్ మళ్లీ బిగించి, ఆయన్ని ఎడమ చేత్తో గరాటు పట్టుకోమన్నాను. లేచి వచ్చి పట్టుకున్నాడు. కారిపోయినంత ఆయిల్ మళ్లీ పోసి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి మట్టం చూశాను. ఈసారి ఇంజన్ తిరుగుతుంటే ఇద్దరం వంగి కూర్చుని చూశాం. ఒక్క చుక్క కారలేదు.

మధ్యాహ్నం తోటకు వెళ్లి నాలుగు సాళ్లు తోలి వచ్చాను. మిగతాది ఆ వారంలో అయిపోయింది.

కట్టు విప్పాక ఒక రోజు ఆయన బండి దగ్గర నిలబడి, రేడియేటర్ జాలీలో చిక్కుకున్న చెత్త ఎట్లా తీయాలో చూపించమన్నాడు. లోపలి వైపు నుంచి నీళ్లు మెల్లగా కొట్టాలని చెప్పాను. అది నాకూ అంతకు ముందు వారమే తెలిసింది. ఇప్పుడు గ్రీజు కొట్టడం, జాలీ కడగడం ఆయన పని. ఆయిల్, ఫిల్టర్లు నావి. ఎవరికి ఏది తెలియకపోయినా అడుగుతాం.