ఇటలీ జవాబుల్లో తప్పు వెతికిన రోజులు

అమెరికాలోని అరోరాలో నేను పనిచేసే కంపెనీ దేశదేశాల జనాభిప్రాయం సేకరిస్తుంది. వచ్చిన జవాబులను సరిచూసి పట్టికల్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. ఒకసారి ఇటలీ ఫైలు నా చేతికొచ్చింది. యూరప్ దేశాలు ఇంకా దగ్గర కావాలా అంటే అవునన్నవాళ్ళే, యూరప్ మాట ఇటలీ వినాలా అంటే అక్కర్లేదన్నారు. ఉమ్మడి సైన్యం కావాలట, తమవాళ్ళను మాత్రం ఎక్కడికీ పంపకూడదట.

ఆ పట్టికలు వేసే నా కోడ్‌లోనే ఏదో తప్పుందనుకుని రెండు రోజులు వెతికాను. ఫైలు మళ్ళీ మొదటినుంచి లోడ్ చేశాను. అవే జవాబులు.

"ఎందుకండీ అంత టెన్షన్? పక్కింటి పెద్దాయనది ఇటలీయేగా, వెళ్ళి అడగండి," అంది మా ఆవిడ.

ఆయన కుర్రతనంలోనే వచ్చేసి, ఇక్కడ ఇళ్ళు కట్టే పని చేసి రిటైరయ్యాడు. నేను వెళ్ళేసరికి టమాటా మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. సర్వే అనగానే చేతులు కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు.

"యూరప్ అంతా ఒకటి కావాలా?"

"తప్పకుండా. మా నాన్న యుద్ధం చూశాడు. ఇంకోటి వద్దు."

"అయితే యూరప్ రూల్స్ ఇటలీ పాటించాలిగా?"

"మా ఊరి చీజ్ ఎలా చేయాలో చెప్పడానికి వాళ్ళెవరు?"

"ఉమ్మడి సైన్యం?"

"ఉండాలి."

"మీ మనవణ్ణి అందులోకి పంపిస్తారా?"

"వాడెందుకు? వాడికి చలి పడదు."

వంటింటి కిటికీలోంచి ఆయన భార్య కేకేసింది. "ఆయన చెప్పింది రాయకు! నన్నడుగు!"

అడిగాను. ప్రతిదానికీ ఆయనకు సరిగ్గా ఎదురు చెప్పింది. ఆవిడ జవాబులూ ఒకదానికొకటి పొసగలేదు.

మర్నాడు తప్పేమీ లేదని మేనేజర్‌కి చెప్పాను.

"టెస్ట్ చేశావా?" అన్నాడు.

"ఇద్దరి మీద చేశాను."

మూడు రోజుల తర్వాత పెద్దాయన కంచె దగ్గర నన్ను ఆపాడు. "సైన్యం గురించి మళ్ళీ ఆలోచించాను. వద్దని మార్చు."

"సర్వేలో మీరు లేరండీ. ఇటలీలో ఉండేవాళ్ళనే అడుగుతారు," అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "అక్కడ ఉండేవాళ్ళకు తీరికెక్కడిది? రోజంతా ఆలోచించేది నేనేగా," అన్నాడు.

కాదనడానికి నాకు మనసొప్పలేదు. ఫోన్ తీసి, ఆయన చూస్తుండగానే జవాబు మార్చి రాశాను. పక్కన రాసిన తన పేరులో అక్షరాలు కూడా సరిచూసుకున్నాడు. తర్వాత ఇంటివైపు తిరిగి, "నువ్వూ మార్చుకుంటావా?" అని గట్టిగా అరిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, కళ్ళజోడు వెతుక్కుంటూ బయటికొచ్చింది.