కుండ ముందు పాపాయి ధ్యానం

కాలవల్లో నీళ్లు పారడం మొదలైన కొత్తలో పాపాయి పడవెక్కి, ఆత్రేయపురం దాపులోని ఓ ఊరికి కోడలిగా వచ్చింది. రేవు చేరేలోపే పడవ సరంగుకి పిల్లలెంతమందో, వాళ్లలో ఎవరికి పాలపళ్లు ఊడాయో తెలుసుకుంది. గుమ్మంలో హారతి పడుతూ అత్తగారు సంపూర్ణమ్మ, "పిల్ల బంగారమే గానీ నోటికి గడియ పెట్టడం మరిచిపోయారు" అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా పాపాయే నవ్వింది.

ఆ ఇంటి పరువంతా పూతరేకుల కుండలో ఉండేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పక్కన జారుగా కలిపిన బియ్యప్పిండి నీళ్లు. యానాం నుంచి తెప్పించిన పల్చటి గుడ్డని ఆ నీళ్లలో ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగాలి. ఉల్లిపొరలాంటి రేకు అంటుకుంటుంది. అంచు పట్టుకుని మెల్లగా తీయాలి. చెయ్యి మధ్యలో తడబడిందా, అక్కడ మందమై రేకు చిరుగుతుంది. ఆ కుండ సంపూర్ణమ్మకి ఆవిడ అత్తగారిచ్చింది. దాని ముందు కూర్చున్నవాళ్లు పెదవి విప్పకూడదని ఆ ఇంటి ఆచారం.

"ఇది వంట కాదే, ధ్యానం" అనేది సంపూర్ణమ్మ.

ఆ మాట పాపాయికి ఎటు తిరిగినా ఎదురయ్యేది. కాసేపు గుమ్మంలో నిలబడితే ఆడపడుచు చిన్నమ్మాయి "ఏంటి వదినా, పుట్టింటి ధ్యానమా?" అని ఏడిపించేది. మొగుడు బుల్లిరాజు అన్నం కలుపుతూ మబ్బుల వంక చూస్తే, "వాడికి వాన ధ్యానం" అనేవారు మామగారు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే పరధ్యానం. పురాణం చెప్పే శాస్త్రిగారు ద్రాక్షారామం వెళ్లొచ్చి, కళ్లు మూసుకుని భీమేశ్వరుణ్ణి తప్ప ఇంకేదీ తలవకపోవడమే ధ్యానమన్నారు. పాపాయి బుద్ధిగా కళ్లు మూసుకుంది. ముందు భీమేశ్వరుడే వచ్చాడు. ఆయన వెనకాల గుళ్లో దీపం, ఆ దీపానికి వత్తులు చేసే ముసలమ్మ, ఆవిడ మోకాళ్ల నొప్పి వరసగా వచ్చేశాయి. పాపాయి కళ్లు తెరిచి, పక్కన కూర్చున్నావిడ చెవిలో "మీ మోకాళ్లెలా ఉన్నాయండీ?" అంది.

ఎదురింటి లోవమ్మ అలా కాదు. కుండ ముందు కూర్చుంటే ముక్కు మీద ఈగ వాలినా కదలదు. "దాన్ని చూసి నేర్చుకో" అనేది సంపూర్ణమ్మ. పాపాయి మాట రాకుండా బుగ్గన వక్క పెట్టుకుని చూసింది. రేకు చిరిగింది. పెదవులు బిగించి చూసింది. మళ్లీ చిరిగింది.

ఇంతలో చిన్నమ్మాయికి పెళ్లి కుదిరింది. మొగల్తూరు నుంచి పడవలో వచ్చే మగపెళ్లివారికి తమ ఇంటి రేకులే పెట్టాలని సంపూర్ణమ్మ పంతం. సరిగ్గా అప్పుడే ఆవిడ బొటనవేలికి గోరుచుట్టు లేచింది.

"ఈ పూట నువ్వు కూర్చో" అంది, వేలికి నిమ్మకాయ తొడుక్కుని. "నీ వల్ల కాకపోతే లోవమ్మకి కబురు పెడతాను. కుండ కూడా దానింటికే పంపేస్తాను. నాకేం మొహమాటం లేదు."

"ఆయ్, అలాగేనండి అత్తయ్యా" అంది పాపాయి. కుండ గడప దాటిపోతే ఈ ఇంట్లో తను ఎప్పటికీ నిన్న పడవ దిగిన పిల్లేనని ఆమెకి తెలుసు.

నోరు కట్టుకుని గుడ్డ లాగింది. చిరుగుతుందేమోనని చెయ్యి ఆగింది. చిరిగింది. ఇంకోటీ అంతే. మంచం మీంచి అత్తగారు చూస్తూనే ఉంది. చిరిగిన రేకులు పళ్లెంలో పోగుపడుతున్నాయి.

అప్పుడు చిన్నమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడింది. "వదినా, పెళ్లికొడుకు మరీ పొట్టివాడట! లోవమ్మ చెప్పింది."

పాపాయి ఎంతసేపని ఆగుతుంది? "పొట్టివాడైతే ఏంటే? అటక మీద కుండలు మీ అన్నయ్య దించుతాడు గానీ, కాళ్లు చూడు, మంచం అవతలికి వేలాడతాయి. దుప్పటి ఎప్పుడూ చాలదు. నీకా బాధ లేదు. ఒక దుప్పటికి ఇద్దరూ..."

చిన్నమ్మాయి ఏడుపు ఆపి కిసుక్కుమంది. పాపాయి చెయ్యి మాటతోపాటే సాగిపోయింది. రేకు లేచింది. వెనకే ఇంకోటి, అంచు చెదరకుండా. అది చూసుకున్నాక గానీ తను నోరు విప్పానని పాపాయికి తట్టలేదు. గబుక్కున మూసేసింది. ఆ తరవాతి రేకు ఫట్టున చిరిగింది.

మంచం కిర్రుమంది. సంపూర్ణమ్మ లేచి కూర్చుంది.

"ఆపావేంటే? పొట్టివాడి సంగతి చెప్పు!"

పాపాయి చెప్పింది. సాయంత్రం దాకా చెబుతూనే ఉంది. పళ్లేలు నిండాయి.

పెళ్లినాడు శాస్త్రిగారు వంటింటి పక్కగా వెళుతూ ఆగారు. "ఏంటమ్మా ఈ గోల? కుండ దగ్గర ధ్యానం కదా మీ ఇంట్లో?"

"దాని నోరు లోకమంతా తిరిగొస్తుందండీ, చెయ్యి మాత్రం కుండని వదల్దు. మరి దాన్నేమంటారో మీరే చెప్పండి" అని సంపూర్ణమ్మ నెయ్యీ బెల్లం వేసి చుట్టిన రేకొకటి ఆయన చేతిలో పెట్టింది.

శాస్త్రిగారు తిని, కళ్లు మూసుకున్నారు. "ధ్యానమే" అన్నారు. "ఇంకోటుందా?"

గోరుచుట్టు తగ్గిన రోజున సంపూర్ణమ్మ అలవాటుగా పీట వైపు వచ్చింది. దాని మీద అప్పటికే పాపాయి ఉంది. లేవబోయింది. "కూర్చోవే" అని, సంపూర్ణమ్మ మంట దగ్గర కింద చతికిలబడి కొబ్బరాకు ఒకటి ఎగదోసింది.

"ఊఁ... సరంగు పిల్లల సంగతి సగంలో ఆపావు."