బుచ్చక్క మోదుగుపూల గంప

మోదుగుపూలకు వాసన ఉండదంటారు. నిజమే. కానీ తడిపిన వెదురుగంపలో, తడిగుడ్డ కింద, ఎండ తగలకుండా దాచిన మోదుగుపూలకు ఒక వాసన ఉంటుంది. పచ్చి వెదురు, తడిసిన మన్ను, కొంచెం పసరు కలిసిన వాసన. మొన్న హోళీ ముందు మణుగూరు అంగడిలో టీకొట్టు బల్ల మీద కూర్చున్నప్పుడు అది నా ముక్కుకు తగిలింది. కొట్టు పక్కన ఎవరో ఆడమనిషి గంప దించుకుని, రంగు కాచుకునేవాళ్లకు పూలు అమ్ముతోంది. నేను ఆమె మొహం చూడలేదు. గంపనే చూశాను. చూశాక నా నోరు ఊరుకుంటుందా?

"ఇనుండ్రి," అన్నాను బల్ల మీద ఉన్నవాళ్లతో. "వాగు అవతలి పాతగుడి బంగారం యాడ దాగున్నదో ఎరికైనోడు బతికున్నోళ్లల్ల ఒక్కడే. ఆ ఒక్కడు మీ ముంగట కూసోని చాయ్ తాగుతుండు."

టీకొట్టు కుర్రవాడు గరిటె ఆపి, "మొన్న ఏడు బిందెలన్నవ్ గద తాతా, ఇయ్యాల ఒట్టి బంగారమంటున్నవ్, బిందెలేమైనయ్?" అన్నాడు. "బిందెలల్లనే ఉన్నదిరా బంగారం" అన్నాను. అందరూ నవ్వారు. ఎవరో నాకు ఇంకో చాయ్ చెప్పారు. నా కథల బేరం ఎప్పుడూ ఇట్లాగే తెగుతుంది.

ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను, చాయ్ ఇప్పించేవాళ్లు ఎవరూ లేరు. కనుక ఆ మాటను కొంచెం కిందికి దించుతాను. అది బంగారం కాదు, పంచలోహం. బిందెలు లేవు. ఉన్నది ఒక్క విగ్రహం, మూరెడు కూడా లేని అమ్మవారు. అది ఎక్కడుందో నాకు తెలియదు. తెలిసిన మనిషి పేరు బుచ్చక్క. ఆమె పోయింది. ఆ గుడి కథ చెప్పడం నాకు నేర్పింది ఆమే. నన్ను పదిమందిలో కూర్చోబెట్టిన మాట ఆమె పెట్టిన భిక్ష. దాన్ని నేను ఎట్లా ఖర్చు చేశానో చెప్పడానికే ఇదంతా.

నేను వయసులో ఉన్నప్పుడు కిరాయి జీపు నడిపేవాణ్ని. భద్రాచలం వచ్చిన యాత్రికుల్లో కొందరికి రామయ్యను చూశాక కూడా కాళ్లు ఊరుకోవు. "ఇంకేమున్నయ్ ఇక్కడ?" అంటారు. అట్లాంటి వాళ్లను ఎక్కించుకుని, పినపాక దాటి, తారు రోడ్డు వదిలి, వంతెన లేని వాగులో జీపు దించి, అవతల పాత శివాలయానికి తీసుకుపోయేవాణ్ని. పై కప్పు సగం కూలిన మండపం, చెవి విరిగిన నంది, రాతి స్తంభాల మీద అరిగిపోయిన నాట్యగత్తెలు. అక్కడ ఎప్పుడు చూసినా ఒక ఆడమనిషి ఊడుస్తూ ఉండేది. నల్లగా, ఎత్తుగా, పమిట చెంగు నడుముకు బిగించి. ఊరివాళ్లు గుడిని ఆమెకు అప్పగించారు. అంతకుముందు ఆమె అత్తకు, ఆమెకు ముందు ఆ అత్తగారి అత్తకు. పూజారి శివరాత్రికి మాత్రం వస్తాడు. మిగిలిన రోజుల్లో శివుడికి దిక్కు బుచ్చక్కే.

యాత్రికులు నిధి గురించి అడిగేవాళ్లు. అందరూ అడుగుతారు. పాతగుడి కనబడితే మనిషికి మొదట దండం గుర్తుకు రాదు, గుంట గుర్తుకొస్తుంది. ఆమె చీపురు పక్కన పెట్టి కథ చెప్పేది. ఏదో రాజు యుద్ధంలో ఓడిపోతూ అమ్మవారిని ఈ ఊరి ఆడమనిషి చేతిలో పెట్టి, "నేను తిరిగొచ్చే దాకా దాచు" అన్నాడట. ఆయన తిరిగి రాలేదట. ఆ మాట మాత్రం ఇంకా నడుస్తోందట. అంతే కథ. పామూ లేదు, శాపమూ లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుని, "మరి ఇప్పుడెక్కడుందమ్మా ఆ విగ్రహం?" అన్నాడు. బుచ్చక్క అతని బూట్ల వైపు చూసి, "రాజు అడిగితే చెప్తా సారూ. మీరు రాజేనా?" అంది. ఆయనతో వచ్చిన భార్య ఎంత నవ్విందంటే, తిరుగు ప్రయాణమంతా ఆయన మాట్లాడలేదు.

నేను ఆ కథ ఎత్తుకున్నాను. జీపులోనే చెప్పడం మొదలుపెట్టాను, దారి పొడుగునా. వాగు దగ్గరికి వచ్చేసరికి విగ్రహం నిలువెత్తు అయ్యేది. గుడి దగ్గరికి వచ్చేసరికి ఏడు బిందెలూ, అయిదు పడగల పామూ వచ్చి చేరేవి. ఒకరోజు బుచ్చక్క స్తంభం వెనక నుంచి అంతా విన్నది. యాత్రికులు అటు పోగానే నా దగ్గరికి వచ్చి, "పామును బాగ పెంచినవ్ తమ్మీ. అయిదు నోళ్లకు ఎలుకలు ఎవరు పడ్తరు, నువ్వా?" అంది. నేను ఇకిలించాను. ఆమె నవ్వలేదు. "కథ ఇన్నోడు ఇంటికి పోవాలె. గడ్డపార కోసం పోవద్దు. గట్ల చెప్పుడు నేర్చుకో" అంది.

ఆ మాట విలువ తర్వాత తెలిసింది. ఒక వానాకాలం ఎవరో వచ్చి నందిని పక్కకు పొర్లించి, దాని కింద గోతులు తవ్విపోయారు. నిమ్మకాయలు, కుంకుమ, కోసిన కోడి ఈకలు చెల్లాచెదురుగా ఉన్నాయి. దొరికింది మన్ను. నా కథ విని వచ్చారో, తమ దురాశ విని వచ్చారో నాకు తెలియదు. బుచ్చక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఊరివాళ్లు తాళ్లు వేసి నందిని లేపుతుంటే, ఒక తాడు కొస నా చేతికి ఇచ్చింది. అంతే. మా ఇంట్లో మాత్రం నేను ఒక్కణ్నే లేపినట్టు చెప్పుకున్నాను.

అమ్మవారు గుడిలో ఉండదు కనుకే మిగిలింది. ఆమెను దాచే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. శివరాత్రి పొద్దున ఊరంతా గుడి ముందు చేరుతుంది. డప్పు మోగగానే పెద్దాచిన్నా, పూజారితో సహా, అందరూ గుడికి వీపు తిప్పి వాగు వైపు మొహం పెట్టి నిలబడతారు. వాళ్ల వెనక నుంచి బుచ్చక్క ఒక్కతే ఖాళీ గంపతో అడవిలోకి పోయేది. డప్పు ఆగకూడదు, తల తిరగకూడదు. కొంతసేపటికి వెనక ఆమె గొంతు "తిరుగుండ్రి" అనేది. తిరిగి చూస్తే గంపనిండా మోదుగుపూలు, పూలలో అమ్మవారు. సాయంత్రం కల్యాణం అయ్యాక మళ్లీ అందరూ వీపు తిప్పేవాళ్లు. ఆమె తీసుకుపోయేది. చోటు ఒక్క మనిషికే తెలియాలి. ఒళ్లు సహకరించనప్పుడు ఆ మనిషి ఇంకొక్కరికి చెప్పాలి. కుక్కలు కూడా వీపు తిప్పేవని నేను చెబుతుంటాను. కుక్కలు తిప్పేవి కావు. తోక ఊపుకుంటూ ఆమె వెంటే పోయేవి.

నేను డ్రైవర్ని కదా, నాకు అద్దం ఉంది. ఒక శివరాత్రికి జీపును వాగు వైపు మొహం పెట్టి ఆపి, పక్క అద్దాన్ని సరిగ్గా గుడి వెనక దారి కనబడేట్టు తిప్పి, ఏమీ ఎరగనట్టు స్టీరింగు ముందు కూర్చున్నాను. డప్పు మొదలైంది. అద్దంలో బుచ్చక్క కనబడింది. అడవి వైపు కాదు, నా వైపే వస్తోంది. వచ్చి, గంప మీది తడిగుడ్డ తీసి అద్దానికి కప్పి, "ఎండకు అద్దం పలుగుతది తమ్మీ, జర కప్పి ఉంచుకో" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ గుడ్డ లోంచి వచ్చిన వాసనే ఇప్పటికీ నన్ను పట్టుకు తిరుగుతోంది. "అద్దంలో చోటు చూసిన" అని చాలా చోట్ల చెప్పాను. నేను చూసింది తడిగుడ్డ.

ఇక అసలు సంగతి. నాకు వయసు మీదపడి, జీపు కిరాయికి తిప్పడం మానేసి, మణుగూరులో ఇంటి ముందు రేకుల పందిరి కింద నిలిపాను. పనికొచ్చే బండే, అప్పుడప్పుడు తీసేవాణ్ని. ఒక మధ్యాహ్నం బుచ్చక్క వచ్చింది. దవాఖానాకు వచ్చిందట, పని అయిపోయిందట. అరుగు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, "గదేందంటే తమ్మీ..." అంది.

ఆ వాక్యం అక్కడే ఉండిపోయింది. ఎందుకంటే నేను అప్పటికే ఇరుగుపొరుగును కేకేశాను. "రాండ్రి, నేను చెప్తానే ఉంట గద, గా బుచ్చక్కనే ఈమె!" అని. జనం వచ్చారు. నేను మొదలుపెట్టాను. రాజు, అమ్మవారు, పాము, నంది, అద్దం. ఆమె ఎదురుగా ఆమె కథనే ఆమెకంటే గొప్పగా చెబుతున్నానన్న సంబరంలో నాకు ఒళ్లు తెలియలేదు. మధ్యలో ఆమె మళ్లీ, "గదేందంటే తమ్మీ..." అంది. "ఆగక్కా, పాము కాడికొచ్చిన" అన్నాను. "ఇగో, ఈ జీపుల్నే తోలుకపోయేటోణ్ని సార్లను" అని చెయ్యి చూపించాను. ఆమె జీపు వైపు చాలాసేపు చూసింది. పాత రోజులు తలుచుకుంటోందనుకున్నాను. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "బస్సు పోతది, నీ మాట అయినంక చెప్తలే" అని లేచింది. నా మాట ఎప్పుడు అయింది గనక!

కొద్దిరోజులకే, ఆమెకు మాట పడిపోయి, ఆ తర్వాత ప్రాణం పోయిందని తెలిసింది. ఆ శివరాత్రికి వెళ్లాను. డప్పు మోగింది. అలవాటుగా అందరూ వీపు తిప్పారు. గంప పట్టుకుని పోయే మనిషి లేదని అందరికీ తెలుసు. అయినా తిప్పారు. డప్పు మోగుతూనే ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. "తిరుగుండ్రి" అనే గొంతు లేదు. ముందుగా తిరిగిన మనిషి అనిపించుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరకు డప్పు కొట్టే అతను చేతులు పడిపోయి ఆపేశాడు. పూజారి పసుపుముద్ద చేసి పీట మీద పెట్టాడు. ఇప్పటికీ అమ్మవారి చోట పసుపుముద్దే.

అప్పటి నుంచి ఆ సగం వాక్యాన్ని మోస్తున్నాను. గదేందంటే తమ్మీ, వాగు అవతలి గుట్టలో. గదేందంటే తమ్మీ, పాతబావి గట్టులో. రోజుకొక విధంగా పూర్తి చేస్తాను. ఆమె ఊరందరినీ కాదని నన్ను ఎంచుకుని, చోటు చెప్పడానికి వచ్చింది. నేను నా గొంతు వింటూ ఆమె గొంతు వినలేదు. ఊరి దేవత నా నోట్లో పడి పోయింది.

మొన్న ఆ టీకొట్టు దగ్గర కూడా, రెండో చాయ్ అయ్యేసరికి ఈ మాటే చెప్పి కళ్లు తుడుచుకున్నాను. అప్పుడు గంప దగ్గరి ఆడమనిషి లేచి వచ్చింది. మొహం చూశాను. నల్లగా, ఎత్తుగా, చెంగు నడుముకు బిగించి. బుచ్చక్క కూతురు నర్సమ్మ. చిన్నప్పుడు నా జీపు వెనక వేలాడిన పిల్ల.

"మంచిగనే ఉన్నవా మామా?" అంది.

"అవ్ బిడ్డా," అన్నాను. "నన్ను క్షమించు. మీ అమ్మ నాకు చోటు చెప్పనీకొస్తే..."

"నీకెందుకు చెప్తది? నీకు చెప్తే అంగడికి చెప్పినట్టు కాదా?" అంది నర్సమ్మ. గొంతులో కోపం లేదు. పూల మీద నీళ్లు చల్లినంత మామూలుగా అంది. "దవాఖాన కాడికెంచి వచ్చినంక నాకు చెప్తనన్నది. ఆ పొద్దుమూకి తోలుకపోయి చూపిస్తనన్నది. గంప కూడా తడిపి పెట్టిన. బస్సు దిగి నడుస్తాంటె వాగుల పడిపోయింది. మేం పోయి లేపేసరికి మాట లేదు."

టీకొట్టు కుర్రవాడు పొయ్యి తగ్గించాడు.

"కాళ్లు రెండు వాచి ఉండె మామా. నీ దగ్గరికి గందుకే పోతనని పొద్దుగాలనే నాకు చెప్పి బయల్దేరింది. గదేందంటే తమ్మీ, జర జీపుల దింపి రారాదు, అని అడగనీకి."